చేతినిండా పనున్న బొమ్మలు

పోయిన ఆదివారం మా ఎదురింటివాళ్ల అబ్బాయి వచ్చాడు. ఫైన్ ఆర్ట్స్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. చెయ్యి మంచిది, మాట అంతకన్నా పదును. హాల్లో కొత్తగా తగిలించిన బొమ్మ ముందు కాసేపు నిలబడ్డాడు. అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి పంపిన ప్రింటు అది, గ్రాండ్‌మా మోసెస్ వేసిన ‘షుగరింగ్ ఆఫ్’. మంచు కప్పిన మేపుల్ తోట, మంట మీద కాగు, బకెట్లు మోసేవాళ్లు, పాకం కోసం మూగిన పిల్లలు.

“బాగుంది పెద్దమ్మా, కానీ అబద్ధం,” అన్నాడు. “ఏ ఊరూ ఇంత సంతోషంగా ఉండదు. ఉన్నవాళ్లు గోడకు తగిలించుకుని, ఆ రోజులే వేరు అనుకోవడానికి పనికొచ్చే బొమ్మ ఇది.”

కాఫీ తాగి వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత కోపం తగ్గింది, మాట మాత్రం మిగిలింది. వారమంతా ఆ బొమ్మ ముందు నుంచి నడిచినప్పుడల్లా మనసులో అతనికి జవాబు చెబుతూనే ఉన్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

గ్రాండ్‌మా మోసెస్ అసలు పేరు ఆనా మేరీ రాబర్ట్‌సన్. 1860 సెప్టెంబరు 7న న్యూయార్క్ రాష్ట్రంలో, వెర్మాంట్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న గ్రీనిచ్‌లో, పదిమంది పిల్లలున్న రైతు ఇంట్లో పుట్టింది. పన్నెండో ఏట ఇల్లు వదిలి పరాయి ఇంట్లో పనికి కుదిరింది. వంట, ఉతుకుడు, కుట్టు, ముసలివాళ్లకు సేవ. పదిహేనేళ్లు అదే బతుకు. 1887లో తనలాగే పొలాల్లో కూలికి ఉన్న థామస్ మోసెస్‌ను పెళ్లాడింది. ఇద్దరూ వర్జీనియాలోని షెనండోవా లోయకు వెళ్లి వ్యవసాయం పెట్టుకున్నారు. వెన్న తీసి అమ్మింది, బంగాళాదుంప చిప్స్ వేయించి అమ్మింది. 1905లో తిరిగి తమ ప్రాంతానికే వచ్చి ఈగిల్ బ్రిడ్జ్‌లో పొలం కొనుక్కున్నారు. 1927లో భర్త పోయాడు. ముసలితనంలో ఊలు దారంతో గుడ్డమీద బొమ్మలు కుట్టేది. కీళ్లవాతం వల్ల సూది పట్టడం కష్టమైనప్పుడు, రంగులు వేస్తే తేలిక కదా అని తోడబుట్టిన సెలెస్టియా సలహా ఇచ్చింది. అలా డెబ్బై అయిదు దాటాక కుంచె ఆవిడ రోజువారీ పనైంది. ఊరి సంతకు జాములు, పండ్ల సీసాలు, బొమ్మలు కలిపి పంపితే జాములకూ పండ్లకూ బహుమతులొచ్చాయి, బొమ్మలకు రాలేదు. 1938లో హూసిక్ ఫాల్స్ అనే చిన్న పట్నంలో, మందుల షాపు అద్దాల వెనక పెట్టిన ఆ బొమ్మలను దారిన పోతున్న లూయిస్ కాల్డర్ అనే ఇంజనీరు చూసి అన్నీ కొనేశాడు. ఒక్కోటి మూడు డాలర్లో, అయిదు డాలర్లో. 1961 డిసెంబరు 13న, నూట ఒకటో ఏట ఆవిడ చనిపోయేనాటికి పదిహేను వందలకు పైగా బొమ్మలు వేసింది. 2006లో ఒక ‘షుగరింగ్ ఆఫ్’ వేలంలో పన్నెండు లక్షల డాలర్లకు పోయింది.

ఆవిడ పని పద్ధతంటే నాకు మరీ ఇష్టం. ముందు ఒక పాత ఫ్రేము సంపాదించేది. దాని కొలతకు సరిపడా మేసొనైట్ అనే చెక్కనార పలక కోసుకునేది. పలకకు అవిసె నూనె పట్టించి, ఆపైన తెల్లరంగు మూడు పూతలు వేసేది. అది ఆరాక బల్లమీద పడుకోబెట్టి, పైనుంచి కిందికి వచ్చేది: మొదట ఆకాశం, తర్వాత కొండలు, చెట్లు, ఇళ్లు, పశువులు, అన్నిటికన్నా ఆఖరున మనుషులు. ఒకేసారి రెండు మూడు పలకలు పెట్టుకుని, కలిపిన నీలం పారేయకుండా అన్నిటికీ ఆకాశం పూసేది. పత్రికల్లోంచి, గ్రీటింగ్ కార్డుల్లోంచి, కరియర్ అండ్ ఐవ్స్ కంపెనీ పాత అచ్చుబొమ్మల్లోంచి మనుషుల్నీ గుర్రాల్నీ బండ్లనూ కత్తిరించి దాచుకునేది. ఆ కాగితపు ముక్కల్ని పలకమీద అటూ ఇటూ జరిపి, కుదిరిన చోట పెన్సిలుతో చుట్టూ గీసుకునేది. మంచు మీద తళుకు పొడి చల్లేది. పొడి చల్లడం చిత్రకళ కాదని తెలిసినవాళ్లు అభ్యంతరం చెప్పినా మానలేదు. ఎండలో మంచు మెరవడం ఆవిడ రోజూ చూసిందే.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గొడవ తెలుసు, ఖాళీ బిందె గొడవ. పెద్ద హోటళ్ల లాబీల్లో మన పల్లె అని పెట్టే బొమ్మల్లో ఒకావిడ బిందె చంకనెత్తుకుని నడుస్తుంటుంది. నడుము వయ్యారంగా వంగుతుంది, పాదం నేలను తాకీ తాకనట్టు ఉంటుంది. ఆ బిందెలో నీళ్లు లేవని ఒక్క చూపుకే తెలుస్తుంది. నిండు బిందె మోసే ఆడమనిషి రెండో చెయ్యి గాల్లోకి ఎందుకు చాస్తుందో, అడుగు ఎందుకు పొట్టిదవుతుందో వేసినాయనకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. పల్లెబొమ్మను ఎప్పుడు చూసినా నేను అడిగేది ఒకటే: ఇందులో ఉన్నవాళ్లకు తాము చేస్తున్న పని వచ్చా?

మోసెస్ మనుషులు అంత చక్కగా గీసిన మనుషులు కారు. కాళ్లు పొట్టి, ముఖాలు చుక్కలు, కొందరు నేలకు ఆనినట్టే ఉండరు. కాగితం ముక్క చుట్టూ గీసిన మనిషి అంతకన్నా ఎలా ఉంటాడు? అయినా వాళ్లకు పని వచ్చు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి చేతిలోంచి ఏది ఎవరి చేతిలోకి పోవాలో ఆవిడకు పూర్తిగా తెలుసు. శరీరాల్లో లేని బరువు ఆ అమరికలో ఉంది.

‘షుగరింగ్ ఆఫ్’నే తీసుకోండి. చలికాలం పోతూ పోతూ, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో మేపుల్ చెట్ల నుంచి నీరు కారుతుంది. చెట్టుకు తూటు పెట్టి, బకెట్ కట్టి పట్టుకుంటారు. నలభై గ్యాలన్ల నీరు మరిగిస్తే ఒక గ్యాలన్ పాకం వస్తుంది. అంటే రాత్రనక పగలనక మంట ఆరకూడదు, కట్టెలు అందుతూ ఉండాలి, చెట్టు చెట్టుకూ తిరిగి బకెట్లు ఒంపుకు రావాలి. ఇదంతా మంచులో. వేడి పాకం మంచుమీద పోస్తే సాగే మిఠాయిలా గట్టిపడుతుంది, అది పిల్లల వాటా. బొమ్మలో పిల్లలు ఆడుకుంటున్నట్టు కనిపించే చోటు నిజానికి ఆ రోజు కూలి ముట్టే చోటు.

మా అమ్మమ్మగారిది అనకాపల్లి పక్క పల్లె. సంక్రాంతి రోజుల్లో బెల్లం వండే చోట నేను చూసింది కూడా ఇలాంటి అమరికే. గానుగలోకి చెరకు పెట్టేవాడు వేరు, ఎండిన పిప్పి పొయ్యిలోకి తోసేవాడు వేరు, పెనంలో రసం మీద తేలే మడ్డి తీసేవాడు వేరు. మా తాతయ్య మాత్రం ఏమీ చెయ్యనట్టు గట్టుమీద కూర్చునేవాడు. సమయం చూసి లేచి, నాలుగు చుక్కల పాకం నీళ్లలో వేసి వేళ్ల మధ్య నలిపి ‘దించండిరా’ అనేవాడు. ఆ మాట కాస్త ముందో వెనకో వస్తే పెనం మొత్తం పాడయ్యేది. అక్కడ కూర్చున్న మనిషిని ఊరికే కూర్చున్నాడని వేసే చిత్రకారుడిని నేను నమ్మను. మోసెస్ బొమ్మల్లో కాగు పక్కన ఉన్నవాళ్లను చూస్తే, అందులో దించమని చెప్పేది ఎవరో నాకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి, ఎందుకంటే అతను లేకపోతే ఆ బొమ్మలు మందుల షాపు దాటి ఎంతదూరం వెళ్లేవో. ఒట్టో కల్లిర్. వియన్నా యూదుడు. 1923లో అక్కడ నోయె గ్యాలరీ పెట్టి, ఎగాన్ షీలే పోయాక ఆయన బొమ్మల మొదటి పెద్ద ప్రదర్శనతో తలుపులు తెరిచాడు. క్లిమ్ట్, షీలే, కొకోష్కా, ఈ వియన్నా ఆధునిక చిత్రకారులే అతని లోకం. షీలే బొమ్మలు చూసినవాళ్లకు తెలుసు: ఎముకలు పొడుచుకొచ్చిన దేహాలు, మెలితిరిగిన చేతులు, పచ్చిపుండు లాంటి రంగులు, చుట్టూ ఎవరూ లేని ఖాళీ. షీలే తైలవర్ణ చిత్రాల జాబితాను 1930లో పుస్తకంగా తెచ్చింది కూడా కల్లిరే. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక ఊరు వదలాల్సి వచ్చింది. గ్యాలరీని తన దగ్గర పనిచేసే వీటా క్యున్స్‌లర్ చేతికి అప్పగించి భార్యాపిల్లలతో బయటపడ్డాడు. మొదట పారిస్‌లో, 1939లో న్యూయార్క్‌లో కొత్త గ్యాలరీ తెరిచాడు. దానికి సెయింట్ ఎటియెన్ అని పేరు. వియన్నా నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి కూడా ఆ సెయింటు పేరు మీదే ఉంది.

అప్పటికి కాల్డర్ మోసెస్ బొమ్మలు పట్టుకుని న్యూయార్క్ గ్యాలరీల గుమ్మాలు ఎక్కి దిగుతున్నాడు. 1939లో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం సభ్యుల గదిలో మూడు బొమ్మలు పెట్టారు, అంతే. ఆవిడ వయసు వినగానే వ్యాపారులు వెనక్కి తగ్గేవాళ్లు. ఎనభై ఏళ్ల మనిషి మీద డబ్బు పెడితే ఎన్నాళ్లు బొమ్మలొస్తాయని లెక్క. కల్లిర్ ఆ లెక్క వెయ్యలేదు. 1940 అక్టోబరులో ‘వాట్ ఎ ఫార్మ్ వైఫ్ పెయింటెడ్’ అని ప్రదర్శన పెట్టాడు. ఆవిడ రాలేదు, ఆ బొమ్మలు తను చూసినవే కదా అనుకుంది. నెల తిరగ్గానే గింబెల్స్ అనే పెద్ద దుకాణం థ్యాంక్స్‌గివింగ్ పండక్కి అవే బొమ్మలు పెట్టి పిలిస్తే మాత్రం తను చేసిన జాములు, రొట్టె పట్టుకుని వెళ్లింది. జనం విరగబడ్డారు. పత్రికలకు గ్రాండ్‌మా దొరికింది.

1941లో అదే గ్యాలరీలో కల్లిర్ షీలేకు అమెరికాలో మొదటి ప్రదర్శన పెట్టాడు. కొన్నవాళ్లు చాలా తక్కువ. ఈ పల్లెటూరి ఆవిడ మంచు బొమ్మలు అమ్ముడుపోతూ ఆ గ్యాలరీకి ఆసరా అయ్యాయి. అంటే షీలే అమెరికా గోడల మీద నిలదొక్కుకోవడానికి మోసెస్ కాగులో పాకం కొంత కారణం. నన్ను పట్టుకున్నది డబ్బు సంగతి కాదు. తన దేశమే తనను వెళ్లగొట్టిన మనిషి, మెలితిరిగిన దేహాల బొమ్మలకు జీవితం ధారపోసిన మనిషి, ఈ బొమ్మల ముందు నిలబడి ‘ఇది అబద్ధం’ అనలేదు. ఇరవయ్యేళ్లకు పైగా ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ పోయాక, 1973లో, బొమ్మలన్నిటి జాబితా పుస్తకంగా తెచ్చాడు, షీలేకు తెచ్చినంత శ్రద్ధతోనే. వియన్నా ఆధునికులు బడికి వెళ్లని చేతులు వేసిన బొమ్మలకు విలువిచ్చిన తరం, ఆ చూపు అతనికి ముందే ఉంది. కానీ చూపొక్కటే అయితే ఒక ప్రదర్శన పెట్టి ఊరుకునేవాడు. భయంకరమైన దాన్ని దగ్గర్నుంచి చూసినవాడికి మనుషులు కలిసి పని చేసుకునే చోటు కూడా అంతే నిజంగా కనిపించి ఉంటుందని నా నమ్మకం.

ఇక్కడిదాకా వచ్చాక, కుర్రాడికి చెప్పాల్సిన ఆఖరి మాట నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆవిడ పదిమందిని కంది. అయిదుగురు పసితనంలోనే పోయారు. వాళ్ల సమాధులు వర్జీనియా లోయలో వదిలి వచ్చింది. తర్వాత కూతురు ఆనాకు క్షయ వస్తే బెన్నింగ్టన్ వెళ్లి మంచం పక్కన ఉండి చూసుకుంది. ఊలు దారంతో బొమ్మ కుట్టమని మొదట అడిగింది ఆ కూతురే. 1933లో ఆమె కూడా పోయింది. ఈ వెలుగు వెనక ఎంత చీకటి ఉందో చూడు నాన్నా, ఇప్పుడు చెప్పు అబద్ధమని, అందామనుకున్నాను. చాలామంది ఈ బొమ్మలను ఇలాగే వెనకేసుకొస్తారు.

అనను. ఆ వాదం ఆవిడకు అన్యాయం చేస్తుంది. సంతోషంగా ఉన్న బొమ్మను నమ్మాలంటే ఏడుపును పూచీకత్తుగా పెట్టమనడం అది. దుఃఖాన్ని వేసినవాళ్లను ఎవరూ అడగరు, నువ్వు నవ్విన రోజుల్ని ఎక్కడ దాచావని. షీలే ఒంటరి దేహాలను వేస్తే నిజం, మోసెస్ పదిమంది చుట్టూ చేరి దుప్పటి కుడుతున్న ‘క్విల్టింగ్ బీ’ వేస్తే కప్పిపుచ్చడం అనడానికి ఏ ఆధారమూ లేదు. పోయిన పిల్లలను ఆవిడ బొమ్మల్లోకి తేలేదు. అది ఆవిడ నిర్ణయం. వాళ్లను మనం తవ్వి తెచ్చి ఫ్రేము కింద నిలబెట్టకూడదు. అయిదుగురు పిల్లలూ బతికి ఉన్నా ‘షుగరింగ్ ఆఫ్’ ఇంతే మంచి బొమ్మ అయ్యేది.

కష్టాన్ని వెయ్యడం రాక కూడా కాదు. 1862లో రైలింజను నిప్పురవ్వ పడి కప్పున్న వంతెన అంటుకుని, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్నం తగలబడింది. అప్పటికి ఆవిడకు రెండేళ్లు నిండలేదు. అయినా ‘ద బర్నింగ్ ఆఫ్ ట్రాయ్’ అని దాన్ని ఒకటికి రెండుసార్లు వేసింది. 1948 నాటి ‘ద థండర్‌స్టార్మ్’లో ఆకాశం నల్లబడి, గాలి చెట్లను వంచేస్తోంది. అక్కడ కూడా జనం ఆకాశం వైపు చూస్తూ నిలబడరు. తడవకముందే గడ్డి లోపలికి చేర్చే తొందరలో ఉంటారు. ఆవిడకు మబ్బు అంటే ముందు గడ్డి గుర్తొస్తుంది.

అయితే కుర్రాడి మాటలో నిజం ఉంది, అది ఇంకో చోట ఉంది. ఆవిడ ఈ బొమ్మలు వేస్తున్న రోజుల్లో ఈగిల్ బ్రిడ్జ్ చుట్టూ ట్రాక్టర్లు, టెలిఫోన్ స్తంభాలు వచ్చేశాయి. బొమ్మల్లో ఉండవు. ఒక మనిషి తన చిన్ననాటి లోకాన్ని వేసుకుంటే అది ఆవిడ ఇష్టం. దాన్ని దేశం తన ముఖచిత్రంగా పెట్టుకుంటే అది వేరే సంగతి. 1949లో అధ్యక్షుడు ట్రూమన్ ఆవిడకు అవార్డు ఇచ్చాడు. హాల్‌మార్క్ క్రిస్మస్ కార్డులు అచ్చేసింది. 1950లో అమెరికా ప్రభుత్వ సమాచార విభాగం అండతో బొమ్మలు యూరప్ తిరిగాయి, వియన్నా నుంచి పారిస్ దాకా. అణుబాంబుల పోటీ మొదలైన కాలంలో, అమెరికా అంటే ఇదిగో, మంచు, గుర్రాలు, చల్లని ఇల్లు అని చూపించడానికి అవి ఎంతో అనుకూలం. ఆ అమెరికాలో షెనండోవా లోయలో తరతరాలు పొలం పని చేసిన నల్లవాళ్లు దాదాపు కనిపించరు. ఈగిల్ బ్రిడ్జ్ ఉన్న హూసిక్ లోయ తెల్లవాళ్ల కన్నా ముందు మహికన్లదని ఆ క్రిస్మస్ కార్డు చూసి ఎవరికీ తెలియదు. ‘ఇది ఆ పొలాల్లో మేం చేసిన పని’ అన్నంత వరకు ఆవిడ బొమ్మ నిలబడుతుంది. ‘ఇది అమెరికా’ అని దాని కింద రాసింది ఆవిడ కాదు. కుర్రాడి కోపం న్యాయమైనదే, అది చేరాల్సిన చిరునామా వేరు.

ఆవిడ చేతిపని చిన్న కార్డు మీద కనబడదు, మా గోడమీద ప్రింటులో కూడా సగమే కనబడుతుంది. అసలు బొమ్మలు చూడాలంటే వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ మ్యూజియానికి వెళ్లాలి. ఆవిడ బొమ్మలు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మ్యూజియం అదే. అమ్మాయి తీసుకెళితే నేనూ చూశాను. దూరపు కొండల్లో ఆకుపచ్చ నీలంలోకి ఎన్ని మెట్లుగా దిగుతుందో, మంచులో తెలుపు ఎన్ని రకాలుగా ఉందో దగ్గరికి వెళితేనే తెలుస్తుంది. రంగు మందంగా ఎక్కడ పెట్టిందో, పలుచగా ఎక్కడ వదిలిందో కూడా. నగల్లోనూ చీరల్లోనూ చేతిపనిని వెతికి మెచ్చుకునే మనం బొమ్మలో కథ ఒక్కటే చూసి వచ్చేస్తాం. ఆవిడ తన బతుకు గురించి రాసిపెట్టుకున్న కబుర్లకన్నా ఆ కొండల రంగుల్లోనే ఆవిడ బుద్ధి నాకు ఎక్కువ కనిపించింది. కొన్ని బొమ్మల్లో మనుషులు లేకపోయినా లోటు ఉండదు అనిపించిన చోట్లు కూడా ఉన్నాయి.

2025 అక్టోబరులో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో మొదలైన ప్రదర్శనకు ‘ఎ గుడ్ డేస్ వర్క్’ అని పేరు పెట్టారు. బామ్మగారు, బంగారు రోజులు అనే మాటల్ని వెనక్కి జరిపి పనిని ముందుకు తెచ్చినందుకు నాకు సంతోషం. ఆవిడ బొమ్మలు పెట్టే ప్రతి చోటా ఇంకొకటి కూడా చేస్తే బాగుండును. కత్తిరించి దాచుకున్న ఆ కాగితపు గుర్రాలూ మనుషులూ మిగిలినంత వరకు, అవి చేరిన బొమ్మల పక్కనే అద్దం కింద పెట్టాలి. ఏ పత్రికలోని మనిషి ఏ బొమ్మలో బకెట్ పట్టుకున్నాడో, ఎన్నిసార్లు చోటు మారాడో చూసేవాళ్లకు తెలియాలి. జ్ఞాపకం దానంతటదే పలకమీద వాలిందని నమ్మేవాళ్లకూ, అంతా అబద్ధమని కొట్టిపారేసేవాళ్లకూ అక్కడ కాసేపు నిలబడి చూడాల్సినంత పని ఉంటుంది.